బేకరీదని చెప్పాను

9 డిసెంబరు 1986, మంగళవారం

ఇరవై ఒకటిన హైమ పుట్టినరోజు. పదేళ్లు నిండుతాయి. ఏం కావాలే అని వాళ్ల నాన్న అడిగితే, ఆ బేకరీ కేకు కావాలంది. పోయినేడు తేలేదు కదా, ఈసారైనా తెప్పించు నాన్నా అంది.

నేను పక్కనే పిండి రుబ్బుతున్నాను.

ఆయన నావైపు తిరిగి, ఆ కొట్టు మూసేశారన్నావుగా, గుంటూరంతటికీ అదొక్కటేనా, నేనే కనుక్కుంటాలే అన్నారు. నేను ఊఁ అన్నాను. అప్పుడే నోరు విప్పాల్సింది. ఊఁ అన్నాను.

10 డిసెంబరు

ఎవరూ చూడని ఈ డైరీలోనైనా ఉన్నది ఉన్నట్టు రాయాలి. అసలు బేకరీ లేదు. ఎప్పుడూ లేదు.

హైమకి నాలుగో ఏట పొట్ట ఉబ్బి, కాళ్లూ చేతులూ పుల్లల్లా అయిపోయాయి. ఏం పెట్టినా విరేచనాలే. గుంటూరులో పిల్లల డాక్టరు టెస్టులన్నీ చేయించి గోధుమ పడదన్నాడు. అందులో గ్లూటెన్ అని ఒకటి ఉంటుందట. బ్రెడ్డు, బిస్కెట్, మైదా, బొంబాయి రవ్వ, సేమ్యా ఏదీ జన్మంతా ముట్టకూడదు. అన్నం తినేవాళ్లం కాబట్టి సరిపోయిందని ఆయన అన్నారు. పిల్లలకి అన్నం మీద ఏం ఆశ ఉంటుంది? స్కూల్లో ఎవరి పుట్టినరోజు వచ్చినా అందరికీ కేకు ముక్కలు, దీనికి ఒక్క పిప్పరమెంటు.

ఎనభై రెండులో మా పక్కింట్లోకి ఎలీసమ్మ వాళ్లు అద్దెకి దిగారు. భర్త జక్రయ్య గారు మిషన్ స్కూల్లో టీచరు. పిల్లలు లేరు. హైమ సంగతి గోడ అవతల నుంచే అడిగి తెలుసుకుంది. ఆ డిసెంబరులో పుట్టినరోజు పొద్దున్నే మూత పెట్టిన గిన్నె ఒకటి గోడ మీదుగా అందించింది. మైదా లేదక్కా, బియ్యప్పిండి, జీడిపప్పు, కమలాపండు, అంతే, భయం లేకుండా పెట్టు అంది. నేను అడగలేదు. అడగకుండా చేసింది.

మా అత్తగారు రాఘవమ్మ గారికి వాళ్లు ఏ పల్లెవాళ్లో, ఏ కులమో మొదటి వారంలోనే తెలిసిపోయింది. ఆ ఇంటి మంచినీళ్లు కూడా ముట్టరావిడ. అందుకని గిన్నె మార్చి, బ్రాడీపేటలో ఒక బేకరీవాడు స్పెషల్‌గా చేస్తాడట, అప్పట్లో అక్కడే ఉన్న మా అక్క చేత తెప్పించానని చెప్పాను. ఎంత సులువుగా వచ్చిందో అబద్ధం. అత్తగారు రెండు ముక్కలు తిని, బేకరీవాడి చెయ్యి మంచిదన్నారు. హైమ గిన్నెకి అంటుకున్న పొడి కూడా వేలితో తీసుకుని తింది.

మూడు పుట్టినరోజులు అలాగే గడిచాయి. మధ్యలో ఎన్నిసార్లో లెక్కలేదు.

21 డిసెంబరు, ఆదివారం

ఆయన బేకరీ నుంచి కేకు తెచ్చారు. నాలుగు కొట్లు తిరిగారట. మూడుచోట్ల నవ్వారట, మైదా లేకుండా కేకేంటండీ అని. నాలుగోవాడు అలాగే చేసిస్తానన్నాడట. పైన గులాబీరంగు పువ్వు పెట్టాడు.

హైమ ఒక ముక్క తిని ఇది అది కాదు అంది. నాన్న ముఖం చూసి ఇంకో ముక్క తింది.

నేను అక్కడే నిలబడి చప్పట్లు కొట్టాను.

23 డిసెంబరు

పొద్దుటినుంచి వాంతులు. పొట్ట బిగుసుకుపోయింది. ఆస్పత్రిలో చేర్చాం.

25 డిసెంబరు

రెండో సెలైను.

27 డిసెంబరు

డాక్టరు ఆయన్ని తిట్టాడు. కొట్టువాడి మాట నమ్మి పెడతారా, చదువుకున్నవారు కదా అన్నాడు. ఆయన తలొంచుకుని నిలబడ్డారు. బయటికొచ్చి నాతో అన్నారు, నువ్వు తెప్పించినప్పుడు ఏమీ కాలేదు కదా, అందుకే ధైర్యం చేశానని.

కొట్టువాడిది తప్పే. కానీ ఆయన్ని ఆ కొట్టుకి పంపింది నేను. పడుకున్న హైమ చేతిలో సూది చూస్తే నాకు నామీద అసహ్యం వేసింది.

28 డిసెంబరు, ఆదివారం

ఇంటికి తీసుకొచ్చాం. రెండు కేజీలు తగ్గింది.

ఇంకొకటి రాయాలి. పదో తారీఖున రాయకుండా తప్పించుకున్నాను.

పోయినేడు ఏప్రిల్లో హైమ ఎలీసమ్మ గుమ్మంలోంచి మూతి తుడుచుకుంటూ రావడం అత్తగారి కంట్లో పడింది. సాయంత్రానికల్లా వీధిలో పెద్దలంతా మా అరుగు మీద చేరారు. ఆ ఇంటి ఓనరు బుల్లయ్య గారికి కుర్చీ వేశారు. తిండి ఆశ చూపి పిల్లల్ని మతంలో కలిపేసుకుంటున్నారని ఒకరు, ఆదివారం వస్తే పాటలతో చెవులు పోతున్నాయని ఒకరు. పాటలు పాడేది వాళ్లిద్దరే. అవీ మెల్లిగా.

బుల్లయ్య గారు నన్ను పిలిచి, ఏమ్మా సుబ్బులూ, నీకు తెలిసే పెడుతోందా ఆవిడ అని అడిగారు. గోడ అవతల ఎలీసమ్మ ఆరిన బట్టలు తీస్తోంది. మాట మాటా వినపడుతుంది అక్కడికి. తెలిసే అంటే సరిపోయేది. మూడేళ్లుగా నా కూతురు కేకు తింటోందంటే ఆమె చేతి చలవే అంటే సరిపోయేది. నేను, నాకు తెలీదండీ, నేను చూడనప్పుడు పిలిచి పెడుతోందేమో అన్నాను.

ఆ 'ఏమో' కూడా కావాలనే తగిలించాను. నిందా వెయ్యాలి, నేనూ తప్పించుకోవాలి.

వాళ్లని ఖాళీ చేయించాలన్న కాగితం మా ఆయనే రాశారు. పత్తి మిల్లులో గుమాస్తా, వెంకటనారాయణ గారి దస్తూరీ అంటే పేరు. అందరూ సంతకాలు పెట్టారు. బుల్లయ్య గారికి ఒకటి, స్కూలు వాళ్లకి ఒక నకలు. వారం తిరక్కుండా ఇల్లు ఖాళీ చేయించారు. జక్రయ్య గారిని స్కూలు వాళ్లు మార్టూరు పంపించేశారని తర్వాత తెలిసింది. సామాను ఎక్కిస్తున్నప్పుడు నేను బయటికి వెళ్లలేదు. వంటింటి కిటికీలోంచి చూశాను.

31 డిసెంబరు

నేనే చేద్దామని కూర్చున్నాను. కమలాపండు తొక్కతోనే వేసేదని గుర్తు. ఉడకబెట్టి రుబ్బి బియ్యప్పిండిలో కలిపాను. అడుగు మాడింది, మధ్యలో పచ్చి. నోట్లో పెట్టుకుంటే చేదు విషం. హైమ చూడకముందే పెంటకుప్పలో వేశాను.

1 జనవరి 1987

ఆ బేకరీవాడు ఇప్పుడు ఎక్కడున్నాడో మీ అక్కనే కనుక్కోమనకూడదా అని అత్తగారు అన్నారు. పిల్ల ఏమీ తినడం లేదని ఆవిడకీ బెంగే.

6 జనవరి, మంగళవారం

చిలకలూరిపేటలో అక్కని చూసొస్తానని చెప్పి మార్టూరు వెళ్లాను. ఇంకో అబద్ధం.

స్కూలు వెనకాల రెండు గదుల ఇల్లు. పక్కనే రాళ్లు పాలిష్ పట్టే షెడ్డు, మొక్కల ఆకుల నిండా తెల్లటి పొడి. జక్రయ్య గారు వసారాలో పేపరు చూస్తున్నారు. నన్ను చూసి పేపరు మడిచి, సైకిలు తీసుకుని వెళ్లిపోయారు. నన్ను గోడని చూసినట్టు చూశారు.

ఎలీసమ్మ కుర్చీ తుడిచి కూర్చోండి అంది. అక్కా అని పిలిచేది నన్ను. ఇవాళంతా అండీ అనే మాట్లాడింది.

మంచినీళ్లు ఇచ్చింది. గ్లాసు ఖాళీ చేశాను. ఎవరూ చూడని చోట తాగడం కూడా ఘనతేనా.

కేకు ఎలా చేస్తారని అడిగాను. ఎందుకని అడగలేదు, చెప్పింది. కమలాపండ్లు రెండు, తొక్కతోనే ఉడకబెట్టాలి. మొదటి నీళ్లు పారబోసి మళ్లీ నీళ్లు పోసి గంటసేపు ఉడికించాలి, లేకపోతే చేదు దిగదు. గింజలు తీసేసి మెత్తగా రుబ్బాలి. గుడ్లు నాలుగు, చక్కెర, తెల్లటి నురగ వచ్చేదాకా గిలకొట్టాలి. బియ్యం ఇంట్లోనే నానబోసి దంచిన పిండి అయి ఉండాలి. మిల్లులో పట్టించకూడదు, అక్కడ గోధుమలూ ఆడతారు కదండీ, పిల్లకి ప్రమాదం అంది. మూడేళ్లూ తనే దంచిందన్నమాట. నాకు ఇవాళ తెలిసింది. డేగిసాలో ఇసుక పోసి దాని మీద గిన్నె, మూత మీద నిప్పులు. కింద మంట తక్కువ, పైన ఎక్కువ.

హైమ బరువెంత అని అడిగింది. ఆస్పత్రి సంగతి చెబితే కళ్లనీళ్లు పెట్టుకుంది. అయితే ఇప్పుడప్పుడే జీడిపప్పు ఎక్కువ వెయ్యకండి, అరగదు అంది.

ఆ రోజు అరుగు మీద నేను, అని మొదలుపెట్టాను. వద్దండీ, ఆ మాటలు మా ఇంట్లో అనుకోము అంది. లేచి నిలబడి, నాలుగింటి బస్సు పోతే మళ్లీ చాలాసేపు లేదు అంది.

క్షమించానని అంటుందని దారి పొడుగునా అనుకుంటూ వెళ్లాను. వాళ్లు క్షమిస్తారు కదా అనుకున్నాను, అదేదో వాళ్ల డ్యూటీ అయినట్టు. అనలేదు. ఎందుకంటుంది.

10 జనవరి

బియ్యం నేనే దంచాను. అరచేతులు బొబ్బలెక్కాయి. ఎవరికీ చెప్పలేదు.

11 జనవరి, ఆదివారం

కేకు కుదిరింది.

ఇల్లంతా కమలాపండు వాసన. హైమ ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. రెండో ముక్క తీసుకుంది. అత్తగారు కూడా తిని, ఇదేనే, ఇదే చెయ్యి, ఎక్కడ దొరికాడు ఆ బేకరీవాడు అన్నారు. ఆయన సంతోషంగా, అయితే కొట్టు మళ్లీ తెరిచాడా అన్నారు.

ఇంకొక్క ఊఁ అంటే చాలు. గడిచిపోయేది.

బేకరీవాడు లేడత్తయ్యా, అప్పుడు చేసింది ఎలీసమ్మ, ఇప్పుడు చెప్పి చేయించిందీ ఎలీసమ్మే అన్నాను. నాకు తెలిసే పెట్టేది, నేనే గిన్నె అందుకునేదాన్ని, అరుగు మీద నేను చెప్పింది అబద్ధం అన్నాను. అన్నీ చెప్పాను.

అత్తగారు లేచి దొడ్లోకి వెళ్లి నోరు పుక్కిలించారు. నాలుగేళ్ల కిందట తిన్నదానికి ఇప్పుడు పుక్కిలించారు. నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వు మంచిది కాదు.

ఆయన, ఆ కాగితం నన్నెందుకు రాయనిచ్చావే అన్నారు. రేపే బుల్లయ్య గారికి చెబుతాను, స్కూలుకీ ఉత్తరం రాస్తానన్నాను. ఆయన వెంటనే లేచి వీధి తలుపు దగ్గరికి వేశారు. కింద సంతకం నాది, నలుగురిలో నన్ను నిలబెడతావా, వాళ్లేమన్నా తిరిగొస్తారా ఇప్పుడు అన్నారు. రారు. ఆ ముక్క నిజమే. నా ధైర్యం కూడా ఆ తలుపు వేసేదాకే ఉంది. నలుగురి మధ్య చెప్పిన అబద్ధానికి తలుపులేసుకుని నిజం చెప్పాను. చెప్పేస్తే గుండె బరువు దిగుతుందంటారు. నాకేం దిగలేదు.

మేం ముగ్గురం ఇలా మాట్లాడుకుంటున్నంతసేపూ హైమ తింటూనే ఉంది.

12 జనవరి, పొద్దున ఎనిమిది

జడ వేస్తుంటే హైమ చెప్పింది. దానికి మొదటినుంచీ తెలుసట. మీ అమ్మ బేకరీదని చెబుతుంది, నువ్వూ అదే చెప్పు తల్లీ, లేకపోతే నిన్ను తిననివ్వరు అని ఎలీసమ్మ ఆంటీయే నేర్పిందట.

మరి నాన్నని బేకరీ కేకు ఎందుకు అడిగావే అన్నాను. అలా అడిగితే నువ్వు చెప్పేస్తావనుకున్నా అంది.

అరుగు మీద అందరూ నన్ను అడిగినప్పుడు నా పక్కనే నిలబడ్డావు కదా, అప్పుడెందుకు ఊరుకున్నావు అన్నాను.

అప్పుడూ నువ్వు చెబుతావనే అనుకున్నానమ్మా అంది.