పడిపోయినది మాట, యంత్రం కాదు

వినియోగదారుల ఫిర్యాదులు విచారించే అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: కింద పడని ల్యాప్‌టాప్‌ను కింద పడినదిగా రాసుకుని, పొడిగించిన వారంటీని నిరాకరించుట, యంత్రమును కూడా తిరిగి ఇవ్వకుండుట గురించి.

పై విషయమును పురస్కరించుకుని తమకు విన్నవించునది ఏమనగా:

1. నేను బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాడిని. బడిలో కన్నా షాపు బోర్డుల మీదనే ఎక్కువ చదువుకున్నవాడిని గనుక తప్పులుంటే మన్నించవలెను. పక్షవాతం వచ్చి నా భార్యకు మాట, కుడిచెయ్యి రెండూ పోయినవి. ఎడమ చేత్తో కలం పట్టలేదు గానీ మీటలు నొక్కగలదు. అందుచేత మా కోడలు ఆమె పేరు మీద ల్యాప్‌టాప్ కొని, టైపు చేసినదల్లా పైకి చదివేటట్టు అమర్చినది. అందులోని గొంతు వార్తలు చదివే ఆవిడ గొంతులా ఉంటుంది. ఆ గొంతుతో నా భార్య పలికిన మొట్టమొదటి వాక్యం, "ఏమండీ, కాసేపు నోరు మూసుకోండి." అంత మర్యాదగా నన్ను ఎవరూ తిట్టి ఎరుగరు.

2. కొంతకాలానికి యంత్రంలో శబ్దం ఆగిపోయినది. అక్షరాలు మాత్రం కనబడుతూనే ఉన్నవి. వాటితో సరిపెట్టుకోక, వారంటీ ఉంది కదా అని నేనే దానిని చంకన పెట్టుకుని సర్వీసు సెంటరుకు వెళ్ళితిని. అక్కడి సంభాషణ ఉన్నదున్నట్టు:

"ఏమైంది తాతగారూ?"

"మాట పడిపోయిందమ్మా."

కౌంటరులోని అమ్మాయి చెవి దగ్గర ఫోను ఉన్నది. సగమే విన్నది.

"అయ్యో, పడిపోయిందా! ఎక్కడుండగా?"

"మంచం మీద ఉండగానే. తెల్లారి లేచేసరికి అంతే."

"మరి ఎవరూ చూసుకోలేదా?"

"పక్కనే ఉన్నానమ్మా. నిద్రలో ఏం తెలుస్తుంది చెప్పు?"

పరాయి పిల్లకు మా ఆవిడ మీద ఎంత జాలి అని మురిసిపోయి, రసీదు చదవకుండా సంతకం పెట్టితిని. అందులో "మంచం మీద నుంచి కింద పడినది" అని ఉన్నది. కింద పడినవాటికి వారంటీ వర్తించదట.

3. ఇందుమీద ఒక్క మనవి. మన భాషలో పడనిదేమున్నది? నిద్ర పడుతుంది, ముడి పడుతుంది, సంబంధం కుదిరితే మూడు ముళ్ళూ పడతాయి, ఆ తర్వాత మాటలు పడాలి. ఇన్ని పడినా ఎక్కడా సొట్ట పడదు. మా యంత్రానికీ సొట్ట లేదు. కానీ యంత్రాన్ని ఎవరూ చూడరు, రసీదునే చూస్తారు.

4. రసీదు సవరించమని కంపెనీకి ఫోను చేయగా, "మెషిన్ మేడమ్ గారి పేరు మీద ఉందండి. పడలేదని ఆవిడే ఫోన్లో చెప్పాలి" అన్నాడొక కుర్రవాడు.

"ఆవిడ మాట్లాడలేదు బాబూ."

"ఇంతవరకూ మాట్లాడకపోయినా పర్లేదు సార్. ఇప్పుడు మాట్లాడమనండి."

చూడండి, మాట్లాడకపోయినా 'మాట్లాడలేదు', మాట్లాడలేకపోయినా 'మాట్లాడలేదు'. తప్పు ఆ కుర్రవాడిది అనను. విడమరిచి చెప్పితిని.

"అలాగా సార్. సారీ సార్. మరి మేడమ్ ఎప్పుడు మాట్లాడగలరు?"

"మీరు మిషను ఇస్తే."

"మిషను రావాలంటే మేడమ్ మాట్లాడాలి కదా సార్."

"ఇందాకటి నుంచి నేను చెప్పేదీ అదే నాయనా!"

"అర్థమైంది సార్. నేను మీకింకేమైనా సహాయం చేయగలనా?"

5. పోనీ ఉన్నదున్నట్టు తిరిగి ఇచ్చేయండి, అక్షరాలైనా చూసుకుంటామని సర్వీసు సెంటరులో అడిగితిని. విప్పేశారట, కేసు తేలేదాకా ఇవ్వకూడదట. నా ఖర్చుతో బాగు చేయించుకుంటానన్నా, కేసులో ఉన్నదానిని ముట్టుకోరట. అద్దాల అలమరలో, మిగతావాటి మధ్యన, అది నాకు కనబడుతూనే ఉన్నది.

6. ఇకపై రాయునది ఫిర్యాదు కిందకు వస్తుందో రాదో తెలియదు. కిక్కిరిసిన బస్సులో నలుమూలల నుంచి ఒక్కసారి అరిచినా, ఎవరు ఏ స్టాపు అడిగారో తడుముకోకుండా టికెట్లు కొట్టినవాడిని. ఇప్పుడు ఇంట్లో ఉన్న ఒక్క మనిషి ఏమి అడుగుతున్నదో తెలియడం లేదు. సెల్‌ఫోను ఇస్తే, వేలు ఒక మీట మీద వేస్తే మూడు నొక్కుకుపోతున్నవి. మొదట్లో నేను ఒక్కొక్కటే అడిగేవాడిని, "నీళ్ళా? కిటికీ తెరవనా? నడుమా?" అని. కాదంటే తల అడ్డంగా ఊపేది. నిన్న చలి కాబోలని దుప్పటి కప్పితే ఊరకే కళ్ళు మూసుకున్నది. కాసేపటికి దుప్పటి తీసి చూద్దును గదా, ఒళ్ళంతా చెమట. తల ఊపడం కూడా మానేసినది, అయ్యా. నాకు భయంగా ఉన్నది.

కావున తమరు దయతలచి, యంత్రమును బాగు చేయించియో, చేయించకయో, మూగదిగానైనా మా ఇంటికి చేర్పించుటకు తగు ఉత్తర్వులు దయచేయ ప్రార్థన. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
వారంటీదారు గారి భర్త

తాజా కలం: నేను మందుల షాపుకు వెళ్ళినప్పుడు తమ ఆఫీసు నుంచి ఫోను వస్తే మా ఆవిడే తీస్తుంది. హలో వినబడదు. ఎవరూ లేరనుకుని పెట్టేయకండి బాబూ. మనిషి ఉన్నది. మీరు చెప్పదలచింది నెమ్మదిగా చెప్పండి, వింటుంది.