ఉప్పు చాయ్ దేశం

మెట్టుగూడ,
దసరా సెలవులయ్యాక మొదటి ఆదివారం

నా భవానీకి,

మొన్న ఫోన్‌లో "ఏమైందే నీకు, గొంతు గట్లుంది?" అని నువ్వడిగితే ఏమీ లేదన్నాను. ఉంది. ఫోన్‌లో చెప్పబోతే ఏడుపొస్తుంది, పక్కగదిలో తిరుమల్‌కి వినపడుతుంది. కట్టుకున్నవాడికే ఇంకా చెప్పలేదు. టీచర్ ట్రైనింగ్ రోజుల్లో హాస్టల్లో ఒకే దుప్పటి కప్పుకుని అన్నీ చెప్పుకున్నవాళ్ళం, అందుకే ముందు నీకు రాస్తున్నాను. కానీ ఏడుపు సంగతి చివర్లో. ముందు సంతోషం.

మా హెడ్మిస్ట్రెస్ రాజ్యం మేడం గురించి నీకు చెప్పానుగా, కాకినాడ వైపు మనిషి, ఊరికే కూర్చోదు, ఎవర్నీ కూర్చోనివ్వదు. ఈ టర్మ్‌కి కొత్త పని పెట్టింది. ప్రైమరీలో ఒక్కో క్లాసూ ఒక్కో దేశం తీసుకోవాలి. టర్మంతా ఆ దేశంలోనే తిరగాలి. లెక్కలు, బొమ్మలు, ఆటలు, తిండి, అన్నీ దాని చుట్టూనే. చివర్లో తల్లిదండ్రుల్ని పిలిచి చూపించాలి. చీటీలు వేస్తే మూడో క్లాసుకి జపాన్, ఐదో క్లాసుకి బ్రెజిల్ వచ్చాయి. నా నాలుగో క్లాసుకి మంగోలియా.

పిల్లల మొహాలు చూడాల్సింది. "మేడం, అది దేశమేనా?" అన్నాడు జకర్యా. మా క్లాసులో నోరు ఎక్కువ ఉన్నవాడు వాడే. నాకూ లోపల అదే అనుమానం. నిజం చెప్పొద్దూ, గుర్రాలుంటాయని తప్ప నాకేం తెలుసు? గ్లోబు దించి, హైదరాబాదు మీద వేలు పెట్టించి, హిమాలయాలెక్కించి, చైనా దాటించాను. ఇంత పెద్ద దేశమా అన్నారు. తర్వాత ఇళ్ళ ఫొటోలు చూపించాను. గుండ్రటి గుడారాలు. గెర్ అంటారట. విప్పి, మడిచి, ఒంటెల మీద వేసుకుని ఇంకో చోటికి పోతారు. అంతే, క్లాసు లేచింది! "ఇల్లు మడత పెడ్తరా మేడం? నిజంగ?" "మరి హోంవర్క్ ఏడ జేస్తరు?" "ఒంటెకు రెండు మూపురాలేంది?"

ఆ ఇంటి గడప తొక్కకూడదట భవానీ. నేను చెప్పీ చెప్పకముందే జకర్యా బెంచీ ఎక్కాడు. "మా నాయనమ్మ సుత గట్లనే తిడ్తది మేడం! ఆమె మంగోలియా పోలే కదా, ఎట్ల దెలుసు?" ఇక వాళ్ళు చాయ్‌లో ఉప్పేసుకుంటారని చెప్పినప్పుడు "ఛీ" అన్న కేక పక్క క్లాసుదాకా వినపడింది. మర్నాడు సగంమంది ఇంట్లో ఉప్పు చాయ్ పెట్టించుకుని తాగి వచ్చారు. ఒకడు కక్కాడు కూడా. అయినా వాడే అందరికంటే గర్వంగా ఉన్నాడు.

ఇప్పుడు ఏడుపు సంగతి. మొన్న జూలైలో పేరెంట్స్ మీటింగులో నన్ను ఇంగ్లీషులో మాట్లాడమన్నారు. తెలుగు మీడియంలో చదివినదాన్ని, రాయమంటే రాస్తాను, చదవమంటే చదువుతాను, మైకు ముందు మాత్రం నాలుక తిరగలేదు. తడబడ్డాను. తప్పులు మాట్లాడాను. నరసరాజు గారని, సైనిక్‌పురిలో ఉండే వ్యాపారస్తుడు, నా క్లాసులో మాధురి వాళ్ళ నాన్న, అదంతా ఫోన్‌లో తీసి పేరెంట్స్ గ్రూపులో పెట్టాడు. కింద "ఈవిడా మన పిల్లలకి ఇంగ్లీషు నేర్పేది?" అని రాశాడు. దాని కింద నవ్వే బొమ్మలు, వరసగా. ఎవరో తల్లి జాలిపడి నాకు పంపింది. అప్పట్నుంచి క్లాసులో పుస్తకంలో ఉన్నది చదవడమే తప్ప సొంతంగా ఒక్క ఇంగ్లీషు వాక్యం మాట్లాడలేదు. స్టాఫ్ రూములో మూల కుర్చీ వెతుక్కుంటున్నాను. ఈ టర్మ్ అవగానే మానేస్తున్నాను, భవానీ. మా వదిన కాప్రాలో బొటిక్ పెట్టింది, అక్కడ కూర్చుంటాను. నిర్ణయం అయిపోయింది. వద్దని రాయకు.

నీ
సింధూర


మెట్టుగూడ,
డిసెంబరు మొదటివారం

భవానీ, నా తల్లీ,

వద్దని రాయకు అంటే, వద్దు అన్న మాట లేకుండా నాలుగు పేజీలు తిట్టావు. సరే, అది పక్కన పెట్టు. మా గెర్ లేచి నిలబడింది!

మా నాన్న కట్టాడు. వడ్రంగి పనిలో ఆయనకి తలుపులు, కిటికీలు, మంచాలు తెలుసు కానీ ఇలాంటిది ఎప్పుడూ చేయలేదు. ఫొటోలు చూపిస్తే కళ్ళజోడు పైకి, కిందికి జరుపుకుంటూ చూశాడు. "ఒక్క మేకు సుత కొట్టొద్దంటవా బిడ్డా? మేకు లేకుంట ఇల్లెట్ల నిలవడ్తది?" అన్నాడు. అవతలివాళ్ళు తాళ్ళతోనే కడతారట అన్నాను. పంతం వచ్చింది ఆయనకి. సన్నటి చెక్క బద్దలు అడ్డదిడ్డంగా జాలీలా అల్లి, చుట్టూ నిలబెట్టి, పైన గుండ్రటి చక్రం పెట్టి, తాళ్ళు బిగించాడు. పిల్లలు తలా ఒక బద్ద పట్టుకున్నారు. అందరూ లోపలికి దూరి "జై మంగోలియా" అని అరిచేసరికి మొత్తం కూలిపోయింది! నేను పరుగెత్తాను. చెక్కల కింద నుంచి ఒకటే నవ్వులు. ఎవ్వరికీ ఏమీ కాలేదు. "మళ్ళ కూలగొడదాం తాతా!" అంటున్నారు. మా నాన్న కింద కూర్చుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. అమ్మ పోయాక ఆయన అలా నవ్వగా చూడలేదు నేను.

రెండోసారి నిలబడింది. అక్కడ పైన తెల్లటి గొర్రె ఉన్ని కప్పుతారట. మాకు మా బడి ఆయా పుష్పమ్మ చుట్టాల ఇళ్ళ నుంచి గొంగళ్ళు పట్టుకొచ్చింది. "ఆళ్ళది తెల్లగొర్రె, మనది నల్లగొర్రె, గంతే కదా మేడం," అంది. సికింద్రాబాదులో నల్లటి గెర్, ఊహించుకో. పక్క బిల్డింగుల వాళ్ళు బాల్కనీల్లోంచి ఫొటోలు తీసుకుంటున్నారు.

ఇంకా ఉంది. రాజ్యం మేడం ఏదో టీచర్ల వెబ్‌సైట్‌లో అడిగితే, నిజంగా మంగోలియా నుంచే జవాబు వచ్చింది! రాజధాని ఉలాన్‌బాతర్‌కి దూరంగా ఒక చిన్న ఊరి బడి. అక్కడ నాలుగో క్లాసు టీచరమ్మ పేరు ఓయున్. ప్రదర్శన రోజు తల్లిదండ్రుల ముందే, పెద్ద తెర మీద, రెండు క్లాసులూ వీడియో కాల్‌లో మాట్లాడుకోవాలి. పిల్లలు ఇప్పటికే "సైన్ బైన ఊ" అంటే నమస్కారమని నేర్చుకుని, దారిన పోయే ఆటోవాళ్ళకి కూడా చెప్తున్నారు.

నాకు మాత్రం ఆ రోజు తలచుకుంటేనే భయం. "కాల్ నువ్వే నడిపించాలమ్మా, క్లాసు నీది కదా," అన్నారు రాజ్యం మేడం. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే ఓంప్రకాశ్ సార్‌ని బతిమాలి ఒప్పించాను, ఆయన మాట్లాడతాడు. నేను వెనక నిలబడి పిల్లల్ని చూసుకుంటాను. నరసరాజు గారు మొన్న గ్రూపులో "మంగోలియా చదివితే మా అమ్మాయికి ఒరిగేదేంటండీ?" అని పెట్టాడు. ఆయన వస్తాడు. ఫోనూ వస్తుంది. ఇదొక్కటీ గడిచిపోతే చాలు, తర్వాత నా దారి నాది. అప్పటిదాకా తిట్టకు.

నీ
సింధూ


మెట్టుగూడ,
క్రిస్మస్ సెలవులు మొదలైన రోజు

భవానీ, ఓ భవానీ,

ఆత్రంగా రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకు. నిన్న జరిగింది వరసగా చెప్తాను.

గ్రౌండంతా జనం. గెర్ ముందు మా పిల్లలు బారులు తీరారు. మాధురి ఉప్పు చాయ్ పంచుతోంది, తాగినవాళ్ళ మొహం చూసి పగలబడి నవ్వుతోంది. తెర వెలిగింది. అటువైపు కిటికీ అవతల మంచు, ఇటువైపు మనకి చెమటలు. ఎర్రటి బుగ్గల పిల్లలు, మధ్యలో ఓయున్. మా వాళ్ళు "సైన్ బైన ఊ" అని ఒక్క గొంతుతో అరిచారు. వాళ్ళు "నమస్తే" అని అరిచారు. అందరూ చప్పట్లు.

తర్వాత ఓంప్రకాశ్ సార్ మైకు తీసుకున్నాడు. ఆయన ఇంగ్లీషు గురించి చెప్పక్కర్లేదు, గడగడా, టీవీలో వార్తలు చదివినట్టు. ప్రపంచ సౌభ్రాతృత్వం గురించి మాట్లాడాడు. ఆపి, ఓయున్‌ని ఏదో ప్రశ్న అడిగాడు. ఆమె నవ్వింది. జవాబు లేదు. మళ్ళీ అడిగాడు, ఇంకా గట్టిగా. ఆమె మళ్ళీ నవ్వింది. వెనక పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. ఇక్కడ తల్లిదండ్రుల్లో గుసగుసలు.

భవానీ, ఆ నవ్వు నాకు తెలుసు. జూలైలో మైకు ముందు నా మొహం మీద ఉన్నది అదే. ఆమెకి ఆ ఇంగ్లీషు అందట్లేదు, అందట్లేదని చెప్పడానికి సిగ్గు.

అప్పుడే మాధురి వచ్చి నా కొంగు పట్టుకుంది. "మేడం, మీరు మాట్లాడండి. మీరైతే మెల్లగా మాట్లాడతారు. ఆవిడకి అర్థమవుతుంది."

ఎలా నడిచానో తెలియదు. మైకు అందుకుని, "ఓయున్ టీచర్, ఐ యామ్ సింధూర. టీచర్. లైక్ యూ," అన్నాను. ఆమె మొహం విప్పారింది. "యువర్ స్నో వెరీ గుడ్. వి హావ్ నో స్నో," అన్నాను. "యూ హావ్ సన్! గివ్ సన్!" అందామె చేతులు చాపి. గ్రౌండంతా నవ్వింది. ఇక చూడు! మాటలు దొరకనప్పుడు ఆమె బొమ్మ వేసి చూపించేది, నేను అభినయించేదాన్ని. ఒంటె ఎలా కూర్చుంటుందో నేను నలుగురి ముందూ కూర్చుని చూపించానంటే నమ్ముతావా? జకర్యా మా గెర్‌ని చూపించి "తాతా మేక్!" అని అరిచాడు. ఆమె నల్ల గొంగళ్ళు చూసి రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుంది. మా నాన్న వెనక నిలబడి, ఆమె ఎదురుగా ఉన్నట్టే దండం పెట్టాడు. నేను ఎన్ని తప్పులు మాట్లాడానో నాకు తెలియదు. లెక్క పెట్టే తీరిక లేదు.

మధ్యలో చూశాను, నరసరాజు గారి ఫోను లేచే ఉంది. తీసుకోనీ అనుకున్నాను.

కాల్ అయ్యాక ఆయన కూతురి చెయ్యి పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "బాగా జరిగిందండీ," అన్నాడు. నా నోట్లోంచి ఎలా వచ్చిందో వచ్చేసింది. "జూలైలో మీరు పెట్టిన వీడియో నేను చూశానండి. చాలా బాధపడ్డాను. బడి మానేద్దామనుకున్నాను."

ఆయన మొహం తెల్లబోయింది. "అది... ఏదో సరదాకి పెట్టానండి. మీరు చూస్తారనుకోలేదు."

"మీ అమ్మాయి చూడలేదు కదా?"

ఆయన కూతురి వైపు తిరిగాడు. మాధురి నేల చూసింది. చూసిందన్నమాట. ఆయనకీ అప్పుడే అర్థమైంది. "తప్పేనండి," అన్నాడు. "ఇంకోసారి నేను తప్పు మాట్లాడితే నాకే చెప్పండి, దిద్దుకుంటాను," అన్నాను. తల ఊపాడు. అంతకంటే ఏమీ జరగలేదు, నాకు అంతకంటే అక్కర్లేదు. రాత్రి తిరుమల్‌కి అంతా చెప్పాను. "ఇన్ని దినాలు ఒక్కదానివే మోసినవా? నేనెందుకున్న మరి?" అని కోప్పడ్డాడు. ఆ కోపం కూడా బాగుంది.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. పొద్దున రాజ్యం మేడం ఫోన్ చేశారు. "అమ్మాయ్, ఓయున్ మెయిల్ పెట్టింది. వచ్చే టర్మ్‌కి వాళ్ళ క్లాసు కూడా ఒక దూరదేశం తీసుకుంటోందట. ఏదో చెప్పుకో చూద్దాం!"

మనమే, భవానీ! మన దేశం, అందులో మన సికింద్రాబాదు! అక్కడ, ఆ మంచులో కూర్చుని ఆ ఎర్రబుగ్గల పిల్లలు మన మీద వేలు పెట్టి, "ఇది దేశమేనా?" అంటారు. ప్రశ్నలు అప్పుడే పంపారు. మంచు లేకపోతే పిల్లలు ఏం ఆడతారు? మీ ఇల్లు ఎప్పుడూ ఒకేచోట ఉంటే విసుగు రాదా? చాయ్‌లో చక్కెర ఎందుకు వేస్తారు? వీటన్నిటికీ జవాబు చెప్పాల్సింది మా క్లాసే. క్లాస్ టీచర్ కూడా నేనే ఉండాలని ఆమె ప్రత్యేకంగా రాసిందట. "ఏం చెప్పమంటావు?" అన్నారు మేడం. ఉంటాను అన్నాను. మా వదినకి వేరే మనిషి దొరుకుతుంది.

సెలవులని కూడా చూడకుండా పిల్లలు మా ఇంటికొచ్చి కూర్చున్నారు. ముందు మెట్రో చూపిద్దామని జకర్యా, కాదు మామిడికాయ చూపిద్దామని మాధురి, ఇద్దరూ జుట్లు పట్టుకునేలా ఉన్నారు. వెళ్ళి విడదీయాలి. నువ్వూ ఆలోచించి పెట్టు, మన గురించి ఏమీ తెలియని పిల్లలకి ముందుగా ఏం చెప్పాలి?

నీ
సింధూర టీచర్