చెప్పి పట్టుకోవాల

పుత్తూరు,
12 ఆగస్టు 2025.

చిరంజీవి మహితకు, అవ్వ చంద్రకాంతమ్మ తల నిమిరి చెప్పుకునే సంగతులు.

నాకు బాగానే ఉంది. నువ్వు వేళకు తింటున్నావో లేదో. రేణిగుంటలో దిగే విమానం మోత వినబడితే ఎంగిలి చేత్తోనే వాకిట్లోకి వస్తాను. అందులో నువ్వుండవని తెలుసు. అయినా అది కనుమరుగయ్యేదాకా లోపలికి రాలేను. లోపల మాత్రం ఎవరున్నారు?

పోయిన నెల చిత్తూరు నుంచి అఖ్సా అనే పిల్ల ఎడమ మణికట్టు వాచి మన కట్లు కట్టే చోటికి వచ్చింది. మీ చిన్నాయన సుబ్రమణ్యం కట్టు కడుతుంటే, ఎట్లా తగిలిందని అడిగాను. "విమానం నేర్చుకుంటాంటే మెలికపడినాది అవ్వా" అంది. "బండి మీద నుంచి పడినోళ్లకి కట్టినా గానీ, ఆకాశంలో చెయ్యి బెణికినోళ్లని ఇప్పుడే సూస్తాండా" అని వాడు నవ్వాడు. ఆ పిల్ల నవ్వలేదు. నేర్పేదెవరంటే నీ పేరు చెప్పింది. కట్టుకు ఆకు నూరే నా చెయ్యి ఆగిపోయింది.

దిగేటప్పుడు గాలికి విమానం ఊగిందట. నేర్పేవాళ్లు "ఇప్పుడు నా చేతిలో" అని చెప్పాలట, నేర్చుకునేవాళ్లు "మీ చేతిలో" అని వదలాలట. నువ్వు చెప్పకుండానే విమానం నడిపే పిడి లాక్కున్నావట, ఆ పిల్ల చెయ్యి అప్పుడే మెలికపడిందట. దిగాక అందరి ముందు, "నీ చేతులకి కుట్టుమిషనే ఎక్కువ" అన్నావట. ఆ పిల్ల నాయన దర్జీ. ఇంక ఆ చదువుకు పోనంటోంది.

భయమేసి లాక్కున్నావేమో తల్లీ. నువ్వు ప్రాణాలతో దిగావు, నాకదే చాలు. కానీ మీ తాత ఎముక సరిచేసేటప్పుడు, "ఇప్పుడు పట్టుకుంటాండా, బిగబట్టబాక" అని చెప్పకుండా పసిపిల్ల మీదైనా చెయ్యి వేయలేదు. నొప్పికి బూతులు తిట్టినవాళ్లనూ తిరిగి ఒక్క మాట అనలేదు. చెప్పకుండా పట్టుకుంటే ఆ మనిషి మళ్లీ ఎవరికీ చెయ్యి ఇవ్వడనేవాడు.

ఆ పిల్లకు తప్పయిందని ఒక్క మాట రాయి. గాలి ఎక్కువున్న రోజు నువ్వు పైకి పోవద్దు.

ఇట్లు,
నీ మీదే ధ్యాస పెట్టుకున్న
అవ్వ

తా.క. నా రాత ఇంత గుండ్రంగా ఉండదని నీకు తెలుసు. ఇది రాసింది అఖ్సానే. నువ్వు నా మనవరాలివని చెబితే లేచి వెళ్లిపోతుందనుకున్నాను, వెళ్లలేదు. కుట్టుమిషన్ మాట వదిలెయ్యమంటే, "ఉండనీ అవ్వా, ఆమెకి తెలియాల" అంది. "మేడమ్ బాగా నేర్పిస్తాది, అది గూడా రాస్తాండా" అని తనే రాసుకుంది. ఈ రోజు కట్టు విప్పేశారు. ఇంక ఈ పిల్ల కూడా రాదు. జవాబు నాకొద్దు, ఆ పిల్లకే రాయి.