ఉప్పునీళ్లకి ఆగే బోల్టులు

తమ్ముడూ,

నువ్వు పోయి రేపటికి ఏడాది. మిరపకాయల షెడ్డులో నువ్వు సగం చేసి వదిలేసిన కయాక్ పడవకి బిగించాల్సిన సామాను కొందామని నిన్న పర్చూరు వెళ్లాను. షాపాయన స్ప్రేయర్లకి వేసే ఇనుప బోల్టులు చేతిలో పెట్టి, "ఇయ్యి పదేళ్లయినా చెక్కుచెదరవమ్మా" అన్నాడు.

"చేలో చెదరవండి. ఉప్పునీళ్లలో నెలకే తుప్పు పడతాయి. స్టెయిన్‌లెస్ స్టీలువి ఇవ్వండి" అన్నాను. అవి నీ మాటలే. అప్పట్లో నేను ఆ ఇనుపవే తెస్తే ఎంత అరిచావో.

తాడు దూర్చే రింగులు, పడవని మోసే పిడులు కూడా ఏరి తెచ్చి, ఇవాళ వరసగా బిగించాను. కాళ్లు ఆనించుకునే పీటల దగ్గర ఆగిపోయాను. వాటికోసం నువ్వు పెన్సిలుతో గీసిన గీత నీ కాళ్ల పొడవుకి ఉంది. నాకు జానెడు దూరం. ఇవతలికి జరుపుకుంటే సరిపోయేది. డ్రిల్లు అందుకుని, చివరికి నీ గీత మీదే బిగించాను. నాకు అందేలా మిరపగోతం ఒకటి మడిచి, పీటలకి ఆనించి కట్టాను.

రేపు పడవని ట్రాక్టరు మీద వాడరేవు సముద్రానికి తీసుకెళ్తాను. ఆ గోతం తీసేస్తే నీకు సరిగ్గా సరిపోతుంది.

అక్క