యంత్రం ‘సరే’ అనలేదు

చిన్నా,

నీ కొత్త నవల బుధవారం అందింది. బహుమతి వచ్చినందుకు సంతోషం. బహుమతి వచ్చాక గానీ నాకు పంపాలని నీకు తోచలేదు, పోనీలే. బస్సులో వస్తూ అరవై పేజీలు చదివాను. ఓడ ఇంకా నేల మీదే ఉంది, అందరూ మాట్లాడుతూనే ఉన్నారు. వచ్చే నెల సభకు రమ్మన్నావు. సరే, వస్తాను.

సైన్స్ ఫిక్షన్ నవలల మీద నా అభిప్రాయం పోయిన నెల అడిగావు. నీ ముందు తెల్లమొహం వేయకూడదని నేను పనిచేసే ఆసుపత్రి ఎదుటి లైబ్రరీలో ఏడెనిమిది తెచ్చుకుని చదివాను. వీటిలో ఎవరూ గిన్నెలు తోమరు. రెండొందల ఏళ్లు ప్రయాణించే ఓడలో మరుగుదొడ్డి కడిగేదెవరో ఒక్క రచయితా చెప్పడు. నక్షత్రాలు దాటి వెళ్లినా కెప్టెన్‌కి కాఫీ మాత్రం ఆడమనిషే తెచ్చివ్వాలి. పైగా వెయ్యేళ్ల తర్వాత ఎవరూ దేవుడికి దణ్ణం పెట్టరట. నన్ను అంగారకుడి మీద దింపినా పొద్దున్నే లేచి పెడతాను. ఒక్క నవల మాత్రం నచ్చింది. అందులో ఒక ముసలాయన చొక్కా చింపి, పగిలిన గాలిగొట్టానికి కట్టు కట్టి, తర్వాత రోజంతా చలికి వణుకుతూ పని చేస్తాడు. అది నమ్మాను. మనుషులు వణికే పుస్తకమైతే ఎంత దూరమైనా వెళ్తాను.

మిగతాది ఆదివారం చదువుతాను.

ఆశీస్సులతో,
అక్క

*

తమ్ముడూ,

చదివాను.

ఆ ఓడ నాది. నీకు ఆరేళ్లప్పుడు కాలు విరిగి, కట్టు వేసి మూడు నెలలు మంచం మీద పడుకోబెడితే, ఏడవకుండా ఉండటానికి మధ్యాహ్నాలు నీకు నేను చెప్పిన కథ అది. పెద్దయ్యాక కూర్చుని నీలం అట్ట నోటుబుక్కులో రాసుకున్నాను. పోయినేడు ఇల్లు మారేటప్పుడు పెట్టెలు సర్దుతూ, “అక్కా, ఇది తీసుకెళ్తున్నా, సరేనా?” అన్నావు. “సరే” అన్నాను. చిన్నప్పుడు విన్న కథ కదా, చదువుకుంటాడు అనుకున్నాను. అచ్చేసుకుంటావని నాకేం తెలుసు? అరవై ఒకటో పేజీలో ఓడ కదిలింది, అక్కణ్ణుంచి అన్నీ నా వాక్యాలే, కామాలతో సహా. కారే గొట్టాలు నావి. పిల్లల్ని పెంచే యంత్రం నాది. దాని పేరు ‘పెద్దమ్మాయి’. అమ్మ నన్ను పిలిచే పిలుపు అది. దాన్ని కూడా వదల్లేదు నువ్వు. అట్ట మీద నుంచి వెనక అట్ట దాకా వెతికాను, నా పేరు ఎక్కడా లేదు.

ఇవాళ పేపర్లో నీ ఇంటర్వ్యూ మా నర్సు పైకి చదివి వినిపించింది. “మా అక్క కాలక్షేపానికి చదువుతుంది, సైన్స్ ఆమెకు అర్థం కాదు, అయినా నా మొదటి పాఠకురాలు ఆమే” అన్నావట. “మీ తమ్ముడు మిమ్మల్ని పొగిడాడో తిట్టాడో తేలట్లేదక్కా” అంది నర్సు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ముప్పై ఏళ్లుగా ఆవిరి, వేడి, నిమిషాలు చూసుకుంటూ ఆపరేషన్ కత్తెరలు శుద్ధి చేసే మనిషికి సైన్స్ అర్థం కాదా? మా పనిలో పొట్లం పైన ఒక పట్టీ అంటిస్తాం, లోపల ఒకటి పెడతాం. పైపట్టీ రంగు మారిందంటే పొట్లం ఆవిరి పెట్టెలోకి వెళ్లొచ్చిందని, అంతే. ఆవిరి లోపలి దాకా తగిలిందో లేదో విప్పి చూస్తేనే తెలిసేది. నువ్వు పుట్టినప్పటి నుంచీ నన్ను పైపట్టీ చూసి వదిలేశావు.

దొంగతనమైనా క్షమించేదాన్నేమో. ఆ ముగింపును ఎలా క్షమించను? ఓడలో కరెంటు చాలట్లేదని అందరూ కలిసి యంత్రాన్ని ఆపేయడానికి వస్తారు. నీ పుస్తకంలో అది “సరే” అని కళ్లు మూసుకుంటుంది. చదివినవాళ్లు ఏడ్చారట! నా కథలో అది “కుదరదు” అంది. “నేనూ ఈ ఓడలో మనిషినే, ఇంకో దారి వెతకండి” అంది. చదువు మానమంటే సరే అన్నాను. నీ పరీక్షలకి గది కావాలంటే వంటింట్లో పడుకోవడానికి సరే అన్నాను. నాకు నోరు తిరగని ఆ ఒక్క మాట యంత్రం చేత అనిపించాను. వెళ్లి వెళ్లి దాని నోరే నొక్కావు.

ఈ ఉదయం దేవుడి ముందు కూర్చుని నిన్ను తిట్టాను. ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి. లేచాక పశ్చాత్తాపం కూడా కలగలేదు. సభకు రాను. రెండో ముద్రణ ఆపించు. నా నోటుబుక్కు నాకు తెచ్చివ్వు.

ఇట్లు,
నీ కాలక్షేపం పాఠకురాలు

*

చిన్నా,

నిన్న మా పరికరాల గది కిటికీ దగ్గర జరిగింది నువ్వు మరోలా చెప్పుకోకుండా ఇక్కడ రాసి పెడుతున్నాను.

“నువ్వే కదక్కా సరే అన్నావు!” అన్నావు.

“తీసుకెళ్లడానికి అన్నాను. నీ పేరు పెట్టుకోవడానికి కాదు.”

“కృతజ్ఞతల పేజీలో వేయిస్తా. మొట్టమొదటి పేరు నీదే.”

“కుదరదు.”

“అమ్మో, అక్కకి ఈ మాట కూడా వచ్చా!” అంది నర్సు వెనక నుంచి.

నీ మొహం ఎర్రబడింది. “మిగతాదంతా నా తప్పే, ఒప్పుకుంటా. ముగింపు మాత్రం నేను ముట్టుకోలేదు. నువ్వే చూసుకో” అని నోటుబుక్కు లోపలికి తోసి వెళ్లిపోయావు.

చూశాను. చివరి పేజీలో “కుదరదు” కొట్టేసి, పైన “సరే” అని రాసి ఉంది. ఆ చేతిరాత నాది. అట్టలో ఒక వారపత్రిక సంపాదకుడి ఉత్తరం. కథ బాగుందట, యంత్రానికి అంత మొండితనం దేనికట, అది ఒప్పుకున్నట్టు రాస్తే వేసుకుంటారట. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. మార్చి పంపాను. వాళ్లు వేసుకోలేదు. ఆ సిగ్గును ఎంత లోతుగా పాతిపెట్టానంటే, నీ మీద నింద వేస్తున్నప్పుడు నా కలం ఒక్కసారైనా తడబడలేదు. ఆ ఒక్క విషయంలో తప్పు నాది. నన్ను క్షమించు.

క్షమించమంది కదా అని ఊపిరి పీల్చుకోకు. నా కోపం తగ్గలేదు. ఇప్పుడు దాన్ని ఇద్దరికి పంచాల్సి వచ్చింది, అంతే. నీ వంతు నీకుంది. ఎవరో ఒక్క ముక్క రాస్తే ఆ మాట కొట్టేసిన ఆ ఇరవై ఆరేళ్ల పిల్ల వంతు దానికుంది. దానితో నేను ప్రార్థనలో మాట్లాడుకుంటాను. నీతో ఇక్కడే చెబుతున్నాను.

మీ ప్రచురణకర్తకి ఉత్తరం రాశాను, నోటుబుక్కు నకలు జతచేశాను. రెండో ముద్రణ మీద రెండు పేర్లుంటాయి, నాది పైన. ఆఖరి అధ్యాయం నేను రాస్తున్నాను. “ముగింపు మారిస్తే బహుమతి ఇచ్చినవాళ్లు ఏమంటారక్కా?” అని పొద్దున ఫోన్లో గొణిగావు. ఏమన్నా అననీ. ఏడవడానికి వాళ్లకి ఇంకో పుస్తకం దొరుకుతుంది.

పన్నెండు పేజీలయ్యాయి. యంత్రం కరెంటు గదిలోకి వెళ్లి లోపల గడియ పెట్టుకుంది. ఏ దీపాలు ఆర్పాలో తనే చెబుతోంది. కెప్టెన్ గదిది మొదట ఆర్పించింది. ఆయన తలుపు బాదుతున్నాడు. ఇంతవరకు వచ్చాను.

శనివారానికి పంపుతాను. అక్షరదోషాలుంటే దిద్దు. మాట మార్చావో, ఈసారి కిటికీ దగ్గర కాదు, సభలోనే లేచి నిలబడతాను.

ఆశీస్సులతో, ఇంకా కోపంతో,
అక్క