మార్సే సబ్బు

అన్నా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. మబ్బు పట్టింది గానీ చినుకు లేదు. చేలో వేరుశనగ పీకుతుంటే ఫ్రాన్సు నుంచి ఒకామె కారు దిగింది. సముద్రం ఒడ్డున మార్సే అనే ఊళ్లో యాత్రికులకు పాత రేవు చూపించడం ఆమె పనట. ఒకప్పుడు మన దేశపు కాయలు ఓడల్లో అక్కడికి చేరి నూనె, సబ్బు అయ్యేవట. అవి పండే నేల చూడాలని వచ్చింది.

ఈ మాట నువ్వు ఎత్తినప్పుడల్లా "ఏమప్పా, మళ్లీ ఓడెక్కినావా?" అని పక్క చేని రామప్ప ఎగతాళి చేసేవాడు కదా. ఆమె ఫోనులో రేవు మీది వేరుశనగ మూటల పాత ఫోటో చూపించింది. రామప్ప ఆ ఫోను తీసుకుని మూటలు లెక్కపెట్టాడు.

ఆమెను ఇంటికి తీసుకొచ్చి ఉడకబెట్టిన కాయలు పెట్టాం. ఆమె వదినకు ఒక సబ్బు ఇచ్చింది. చుట్టాలు తెచ్చింది వాళ్ల ఎదుటే రుచి చూడాలని వదిన బర్ఫీ అనుకుని కొరికింది. ఉమ్మితే బాగుండదని మింగేసింది కూడా.

"ఎట్లుండాది వదినా?"

"మీ అన్న చెప్పింది నిజమే. సబ్బే!"

అందరం పడీ పడీ నవ్వాం.

ఆమె మూడింటికి అనంతపురం వెళ్లింది. రామప్ప పొద్దుగూకేదాకా కూర్చుని, వచ్చినవాళ్లందరికీ నీ ఓడల కథ తనే చెప్పి వెళ్లాడు.