ఏడు దగ్గర ఆగిన సంఖ్య

అక్కకు,

నీ తమ్ముడు దండం పెట్టి రాస్తున్నాను. ఇక్కడ అందరం కులాసా. నువ్వూ, బావా, పిల్లలూ అలాగే ఉన్నారని తలుస్తాను.

తలమీద కుట్లు మానాయా అని అడిగావు. మానాయి. జుట్టు కూడా మొలుస్తోంది. బట్టల బ్రష్‌లా ఉందని నీ మరదలు ఒకటే నవ్వు. ఆదివారం పేపర్లో నా లెక్కల పజిల్ ఎందుకు రావడం లేదన్నావు. అదీ రాస్తాను.

ఆపరేషన్లో నాతో చెప్పించిన సంఖ్య ఏమిటన్నావు కదా. 3816547290. సున్నా నుంచి తొమ్మిది దాకా ప్రతి అంకె ఒక్కసారే వస్తుంది. మొదటి రెండంకెలు, 38, రెండుతో నిశ్శేషంగా పోతుంది. మొదటి మూడు, 381, మూడుతో పోతుంది. నాలుగంకెలు నాలుగుతో, అలా పదంకెలూ పదితో. ఆ పదంకెలనూ ఎన్ని లక్షల రకాలుగా పేర్చినా ఈ గుణమున్నది ఇదొక్కటే. నాకిష్టమని చెబితే సర్జన్ గారు అదే ఎంచారు.

మెలకువగా ఉంచే కోశారక్కా. మెదడులో గడ్డ లెక్కలు చేసే చోటికి ఆనుకుని ఉందట. నేను లెక్క చెబుతూ ఎక్కడ తడబడితే అక్కడ కత్తి ఆపుతారు. నొప్పి లేదు. చలి, తలలో ఎవరో గీకుతున్న చప్పుడు, అంతే. ముఖం ముందు ఒక డాక్టరమ్మ కాగితం పట్టుకుని కూర్చుంది.

"ఆరంకెలు?"

"381654. ఆరుతో పోతుంది. భాగిస్తే అరవై మూడు వేల ఆరు వందల తొమ్మిది."

"ఏడంకెలు?"

కాగితం మీద గీతలున్నాయి. అవి అంకెలని తెలుసు. ఏది ఎంతో తెలియలేదు. మూడు పెద్దదా, ఎనిమిది పెద్దదా?

"అమ్మా, పోయాయి" అన్నాను.

వెనక నుంచి సర్జన్ గారు, "చిన్న కరెంటు తగిలించానంతే. తీసేశాను. ఇప్పుడు?" అన్నారు.

తిరిగొచ్చాయి. ఏడుతో భాగిస్తే ఐదు లక్షల నలభై ఐదు వేల రెండు వందల ఇరవై ఒకటి. చెప్పి ఏడ్చేశాను.

"ఇక్కడ ఇంకాస్త గడ్డ ఉంది. వదిలేస్తే మళ్లీ పెరుగుతుంది. తీస్తే లెక్కలు పోవచ్చు. ముందే అనుకున్నాం, మీ మాటే ఖాయమని. ఏం చేయమంటారు?"

ఇంతవరకు ఇంట్లో అందరికీ తెలుసు. ఇక్కడి నుంచి నీ ఒక్కదానికే. మా పాప ముఖం గుర్తొచ్చింది. "తీసేయండి" అన్నాను.

గడ్డ మొత్తం పోయిందన్నది నిజమే. దాంతోపాటు ఏం పోయిందో మాత్రం కడుపులోనే దాచుకున్నాను. పైన రాసిన గుణాలన్నీ బట్టీ పట్టిన పద్యంలా మాటలుగానే మిగిలాయి. భాగించడం చేతకాదు. కొంత తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చునన్నారు సర్జన్ గారు. పేపరు వాళ్లకు నీరసమని చెప్పాను. నీ మరదలికీ అదే మాట. గడియారమున్న గదిలో కూర్చోవాలంటే భయం, ఎవరైనా టైమెంతని అడుగుతారేమోనని.

నిన్న పాప పలక పట్టుకుని ఒళ్లోకి వచ్చింది. "నాన్నా, ఆరూ ఏడూ కలిపితే ఎంత?" అంది. "నువ్వే చెప్పు తల్లీ" అన్నాను. వేళ్లు మడుచుకుంటూ ఆలోచించి, "పదమూడు" అంది. "శభాష్" అన్నాను.

పదమూడేనా అక్కా? నవ్వకుండా రాయి.

ఇట్లు,
నీ తమ్ముడు